పదమూడు తర్వాతి పేజీ

"ఏదీ, నువ్వే చూడు. పదమూడు తర్వాత ఏముంది? పద్నాలుగు! మధ్యలోది ఏమైందని అడుగుతున్నాను నేను. తిన్నారా? పొయ్యిలో పెట్టారా?"

స్టెఫా పావ్లుక్ పిండి చేత్తోనే కొత్త పుస్తకాన్ని లోర్న్ వైపు తోసింది. నీలం అట్ట మీద ఐదు వేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి.

"ముందు మీరు కాస్త కూర్చోండి, స్టెఫా."

"కూర్చోవడం నాకు నేర్పకు. ముప్పై ఆరేళ్ళు కూర్చోవడమే నా పని. విన్నిపెగ్ మొత్తంలో నాలా కూర్చోగలిగినవాళ్ళు ఉంటే తీసుకురా, నా బూట్లు ఇచ్చేస్తాను."

లోర్న్ పెన్నర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ నీలం పుస్తకం సోమవారంనాడు తెచ్చిచ్చింది తనే. సంతోషిస్తుందనుకున్నాడు. తోరా ఐనార్సన్ పియానో కోసం రాసిన పెద్ద రచన, 'సరస్సు గడ్డకట్టే వేళ', ఇన్నాళ్ళకు టొరంటోలో అందంగా అచ్చయింది. తోరాకు ఎనభై అయిదేళ్ళు నిండిన సందర్భంగా ఈ ఆదివారం దాన్ని ఇక్కడి సంగీత సంఘం హాల్లో వాయిస్తున్నారు. కచేరీకి వచ్చినవాళ్ళకు పంచే ఒంటి కాగితం రాసేది లోర్నే. ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. సంగీతం ఎక్కడా నేర్చుకోలేదు. విని విని, అర్థం కానిది మళ్ళీ విని, ఇంతవాడయ్యాడు. తోరా పక్కన కూర్చుని ఆ రచనకు పేజీలు తిప్పిన మనిషి జ్ఞాపకాలు నాలుగు వాక్యాలు దొరికితే కాగితం నిండుతుందని, శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. టీ తాగి అరగంటలో వెళ్ళిపోవచ్చనుకున్నాడు. బయట చలికి ఇంజను గడ్డకట్టకుండా కారుకు హీటరు తీగ కూడా తగిలించలేదు.

బల్ల మీద నాలుగు పళ్ళేల నిండా పిరహెలు. కజ్జికాయల్లా అంచులు నొక్కి, లోపల బంగాళాదుంప ముద్ద, జున్ను. రేపు చర్చి కింది హాల్లో అమ్మడానికి. కోపం వచ్చినప్పుడు స్టెఫా చేతులు ఇంకా త్వరగా ఆడతాయి. ఇవాళ్టి పిరహెల అంచులు గుడారం తాళ్ళంత గట్టిగా బిగిసి ఉన్నాయి.

"నాలుగు వాక్యాలు కావాలా నీకు? రాసుకో. ఒకటి: ఈ పుస్తకం అబద్ధం. రెండు: అబద్ధం. మూడు కూడా అదే. నాలుగోది ఆలోచించి చెప్తాను."

*

స్టెఫా విన్నిపెగ్‌లోని నార్త్ ఎండ్ పేటలోనే పుట్టింది. తండ్రి రైల్వే యార్డులో పెట్టెలు జోడించేవాడు. ఆ వీధుల్లో ఉక్రెయిన్ వాళ్ళ పిల్లలంతా బడి అయ్యాక తమ సంఘం హాలుకు పోయి మాండొలిన్ వాయించాల్సిందే. తప్పించుకోవడానికి లేదు. ఎనిమిదేళ్ళకే ఆమెకు స్వరలిపి చదవడం వచ్చేసింది, అక్షరాలకన్నా బాగా. పదహారేళ్ళకు మాండొలిన్ మూలన పడింది. పార్కాలు, అంటే మంచుకాలపు మందపాటి కోట్లు, కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. టోపీ అంచులకు బొచ్చు కుట్టే మిషను. ఆ మిషను ముందు ముప్పై ఒక్క చలికాలాలు.

పేజీలు తిప్పే పని అనుకోకుండా వచ్చింది. డెబ్బై తొమ్మిది జనవరిలో, గ్రంథాలయం హాల్లో మధ్యాహ్నం ఉచిత కచేరీ. ఫ్యాక్టరీ భోజనాల గంటలో వెచ్చగా ఉంటుందని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒళ్ళో వెల్లుల్లి సాసేజి పెట్టిన రొట్టె. మంచు తుఫానులో పేజీలు తిప్పే ఆవిడ రాలేదు. నిర్వాహకుడు బయటికొచ్చి "ఇక్కడ నోట్లు చదవడం వచ్చినవాళ్ళున్నారా?" అని అడిగాడు. స్టెఫా చెయ్యెత్తింది. రొట్టె ఉన్న చెయ్యే.

ఆ తర్వాత నగరంలో ఎవరు పియానో వాయించినా స్టెఫాకే కబురు. ఆ పనికి పద్ధతులున్నాయి. వాయించేవాళ్ళ ఎడమ పక్కన, జానెడు వెనక్కి జరిగి కూర్చోవాలి. ఉంగరం ఉండకూడదు, అత్తరు ఉండకూడదు. వేలు నాలుకకు తగిలించావా, మళ్ళీ ఎవరూ పిలవరు. చివరి వరస సగానికొచ్చేసరికి చప్పుడు కాకుండా లేవాలి, ఎడమ చేత్తో పై మూల పట్టుకోవాలి, వాయించేవాళ్ళు తల ఊపేదాకా ఆగాలి. చప్పట్లు కొట్టేటప్పుడు వాళ్ళు వంగి దండం పెడతారు, నువ్వు మాత్రం కుర్చీలాగే ఉండిపోవాలి. కచేరీ కాగితంలో పియానోకు శ్రుతి చేసినవాడి పేరు ఉంటుంది, పూలిచ్చిన దుకాణం పేరు ఉంటుంది, తిప్పినవాళ్ళ పేరు ఉండదు. దాని గురించి స్టెఫా ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. లోర్న్ ఒకసారి తనంతట తనే పేరు వేస్తే, "ఇంకోసారి ఇలాంటి పని చేస్తే నీ కాగితం చించుతాను" అంది. మర్యాదగానే అంది.

అలాంటి మనిషి ఈ రోజు ఇల్లు అదిరేలా అరుస్తోందంటే అది పేరు కోసం కాదు.

*

"ఎనభై ఏడులో మొదటి ప్రాక్టీసు," అంది స్టెఫా, పిండి వత్తుతూ. "తోరా తన రచన తనే వాయిస్తోంది. చేత్తో రాసిన కాగితాలు, ఒకవైపే రాసి, అంచులు టేపుతో అతికించింది. ఆవిడ సంగతి తెలుసుగా, సరస్సు ఒడ్డున గిమ్లీలో చేపలు పట్టేవాళ్ళ ఇంటి ఆడపడుచు. నోరు తెరిస్తే చలిగాలే. పదమూడో పేజీ చివర రెండు చేతులా పియానో మంద్రపు మెట్ల మీద ఒక్క దెబ్బ వేసింది, ఇదిగో ఈ బల్ల విరిగేంత. మోత తెగకుండా కాలు పెడల్ మీద అదిమిపట్టి ఆగిపోయింది. నేను తిప్పాను. తెల్ల కాగితం. ఒక్క నోటు లేదు."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తాను? తిప్పేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. తిప్పడానికి వీలు కుదరకపోతే రాసేవాళ్ళు ఒక పేజీ ఖాళీగా వదిలేస్తారు. అదీ అలాంటిదే అనుకుని దాన్ని కూడా గబుక్కున తిప్పేశాను." పిండి వత్తే కర్ర ఆగింది. "అవును. నేనూ ఈ టొరంటో వాళ్ళలాగే చేశాను. కాకపోతే నన్ను తిట్టడానికి ఆ పక్కనే తోరా ఉంది."

చేతులు మెట్ల మీంచి తీయకుండానే తోరా అరిచిందట. "వెనక్కి తిప్పు!"

"అది ఖాళీదండీ."

"ఖాళీ అని నీకెవరు చెప్పారు? ఇంకా మోగుతుంటే ఖాళీ ఎలా అవుతుంది? చెవులు ఫ్యాక్టరీలో పెట్టొచ్చావా?"

స్టెఫా వెనక్కి తిప్పింది. తోరా మళ్ళీ ఆ దెబ్బ వేసింది. ఇద్దరూ తెల్ల కాగితం వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఉందా?" అంది తోరా.

"ఉంది."

"ఇప్పుడు?"

"సన్నగా ఉంది. ఊగుతోంది."

"ఇప్పుడు?"

"..."

"అడిగేది నిన్నే!"

"ఇప్పుడే పోయింది."

"అయితే తిప్పు."

ఎన్ని సెకన్లో కాగితం మీద రాసి పెట్టొచ్చుగా అని స్టెఫా అడిగితే తోరా అన్న మాట ఇది: "రాస్తే అందరూ లెక్కపెడతారు. లెక్కపెట్టేవాడు వినడు. పోనీ నాకు నేనే విందామంటే, నేను రాసింది నాకెప్పుడూ మోగుతూనే ఉన్నట్టుంటుంది. నీకా బాధ లేదు. ఉంటే ఉందంటావు, పోతే పోయిందంటావు. ఆ పేజీ నీది, నువ్వు తిప్పితేనే నేను కదులుతాను."

అప్పట్నుంచి పదకొండు కచేరీలు. తోరా వాయించినవి ఆరు, వేరేవాళ్ళు అయిదు. వేరేవాళ్ళకు స్టెఫాయే చెప్పేది. ఎండాకాలంలో ఆ శబ్దం చాలాసేపు బతికేది. జనవరిలో జనం పార్కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు, ఆ బొచ్చంతా శబ్దాన్ని పీల్చేసేది, పేజీ తొందరగా అయిపోయేది. "నేను కుట్టిన కోట్లే నా పేజీని మింగాయి, చూడు నా రాత," అనేది. ఒకసారి పెద్ద కోటు వేసుకున్న ఒకాయన కచేరీ అయిపోయిందనుకుని మధ్యలో చప్పట్లు కొట్టాడు. ఆయన్ని ఆమె నేటికీ క్షమించలేదు. ఆయన పోయి పదేళ్ళయింది.

*

ఫోను మోగింది. స్టెఫా మోచేత్తో స్పీకరు నొక్కింది.

"మిసెస్ పావ్లుక్ గారా? టొరంటో నుంచి డాక్టర్ విట్‌కోమ్‌ని. ఆ ముద్రణకు సంపాదకుణ్ణి. మీరు మూడు సందేశాలు పెట్టారు."

"నాలుగు. ఒకటి మీరు వినలేదు. వినకపోవడం మీకు అలవాటేనని పుస్తకం చూస్తేనే తెలుస్తోంది."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "మీరు చెప్పే ఖాళీ పేజీ సంగతి నాకు తెలుసండీ. రాతప్రతిలో చూశాం. అలాంటివి పేజీ తిప్పే వీలు కోసం వదిలేవి. వాటిని తీసేశామని ముందుమాటలో రాశాం కూడా."

"రాశారు. దొంగతనం చేసి గోడ మీద పేరు రాసిపోయినట్టు రాశారు. ఒక్కవైపే రాసిన కాగితాలయ్యా అవి! అక్కడ తిప్పే ఇబ్బందే లేదు. ఇబ్బంది లేనిచోట వీలు దేనికి?"

"అది... గమనించదగ్గ విషయమే. అడగొచ్చో లేదో గానీ, ఆ కచేరీల్లో మీరు ఏ హోదాలో పాల్గొన్నారు?"

"పేజీలు తిప్పాను."

"ఓహో," అన్నాడు డాక్టర్ విట్‌కోమ్.

ఆ ఓహోకు లోర్న్ చెవులు వేడెక్కాయి. ఎన్నిసార్లు విన్నాడు తను ఆ ఓహో! బస్సు డ్రైవరువా, ఓహో. కచేరీల మీద రాస్తావా, ఓహో. స్టెఫా ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"చూడండి," అన్నాడాయన, పసిపిల్లకు చెప్తున్నట్టు. "పదమూడో పేజీ చివర ఆగమనే గుర్తు ఉంది. పెడల్ గుర్తు ఉంది. అవి రెండూ మేం ఉంచాం. వాయించేవారు తమకు తోచినంతసేపు ఆగుతారు. నష్టమేమీ లేదు."

"తోచినంతసేపు కాదు నాయనా, మోగినంతసేపు! ముందు పద్నాలుగో పేజీ కనపడుతూ ఉంటే ఏ పియానో మనిషైనా ఆగుతాడా? అన్నం వడ్డించి తినకు అన్నట్టే. ఏమీ కనపడకపోతేనే వింటాడు. ఆ మాత్రం తెలీదా?"

"మా దగ్గర తొలి కచేరీ రేడియో రికార్డింగు ఉంది. అందులో అక్కడ ఆరు సెకన్లే."

"రేడియోవాళ్ళు కోసిపారేశారు కాబట్టి! రేడియోలో కాసేపు ఏమీ వినపడకపోతే స్టేషన్ పాడైందని జనం ఫోన్లు చేస్తారట. తోరా వెళ్ళి వాళ్ళ గదిలో కుర్చీ విసిరేసి వచ్చింది. అది మీ ముందుమాటలో రాశారా?"

"లేదండీ," అన్నాడాయన. "కానీ ప్రూఫుల మీద స్వరకర్త సంతకం ఉంది. ప్రతి పేజీ మీదా."

స్టెఫా గొంతు తగ్గిపోయింది. అరిచినప్పటికంటే అప్పుడే లోర్న్‌కు భయమేసింది.

"ఎప్పుడు చేసింది?"

"పోయిన అక్టోబరులో."

"ఆమెకు మతి పోయి మూడేళ్ళయింది. తన పేరు ఒక్కటే గుర్తుంది. కలం ఎవరు అందిస్తే వాళ్ళకు రాసిస్తుంది. మొన్న బుధవారం నేను గిమ్లీలో ఆమె ఉండే వృద్ధాశ్రమానికి వెళ్ళాను. మీ పుస్తకం చూపించి, తోరా, నా పేజీ ఏదీ అన్నాను. నవ్వింది. ఈ రోజు చేప బాగుంది అంది. కలం తీసుకుని మీ పుస్తకం మీద సంతకం చేసి నా చేతిలో పెట్టింది. తర్వాత భోజనం చీటీ మీద చేసింది. తర్వాత నా చేతి సంచి మీద చేసింది. ఆ సంచి కూడా అచ్చు వేస్తారా?"

పాపం ఆయనా మనిషే. "నాకు తెలీదు," అన్నాడు. "ఆవిడ మేనల్లుడి ద్వారా పంపాం. నాకు నిజంగా తెలీదు." మళ్ళీ వెంటనే ఆఫీసు గొంతు తెచ్చుకున్నాడు. "రాతపూర్వకమైన ఆధారం ఏదైనా ఉంటే పంపండి. రెండో ముద్రణలో పరిశీలిస్తాం."

"రెండోది ఎప్పుడు?"

"ఈ ప్రతులు చెల్లిపోయాక."

"అంటే నేను మా ఆయన వాల్టర్ పక్కన, మట్టి కింద పడుకున్నాక. మంచిది. ఉంటానండీ." మళ్ళీ మోచేత్తోనే నొక్కేసింది.

*

"చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఇదే," అంది. "రాతపూర్వకమైన ఆధారమట! ఆవిడ ఏమీ రాయకుండా వదిలిన దానికి రాతపూర్వకమైన ఆధారం!"

కెటిల్లో నీళ్ళు కాగి కాగి సగమయ్యాయి. లోర్న్ లేచి పొయ్యి కట్టేశాడు. ఒక మాట గొంతులో ముప్పై ఏళ్ళుగా ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"ఒకటి చెప్తాను, కోప్పడకూడదు."

"కోపంతో నిండుగా ఉన్నాను, ఇంక పట్టదు. చెప్పు."

"తొంభై నాలుగులో నేను ఆ కచేరీకి వచ్చాను. డ్యూటీ దిగి, యూనిఫాంలోనే. చలి తట్టుకోలేక దూరాను, సంగీతం కోసం కాదు. చివరి వరస. మీరు ఆ తెల్ల కాగితం ముందు నిలబడి ఉన్నారు. ఎంతకీ తిప్పరు. నేను..." లోర్న్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు నిలబడే నిద్రపోయారనుకున్నాను."

"ఏమిటీ?"

"పాపం ఎవరైనా లేపండి అనుకున్నాను. పక్కాయన వైపు చూశాను. ఆయన కదల్లేదు. నేనూ ఊపిరి బిగబట్టాను. ఆవిరి గొట్టం టిక్కుటిక్కుమంటోంది. ఎవరో గుటక వేశారు. వాటన్నిటి కిందా ఇంకోటి ఉందని అప్పుడు తెలిసింది. పియానో. ఇంకా ఉంది. అది పోయిన క్షణం నాకు తెలిసింది, స్టెఫా. మీ చెయ్యి సరిగ్గా అప్పుడే కదిలింది. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాను. ఆపైన ఒక్క ఆదివారం మానలేదు."

స్టెఫా అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి అతని నెత్తిన ఒక్కటి వేసింది. పిండి పొగలా లేచింది.

"నిద్రపోయానా! నిలబడి! గుర్రాన్నా నేను?" నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు కూడా. "ముప్పై ఏళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని నా ఇంట్లో పిరహెలు తిన్నావా?"

"ఇప్పుడు రాస్తాను. కాగితంలో పూర్తిగా ఇదే రాస్తాను. ఆ పేజీ సంగతి, మీ సంగతి, వాళ్ళు తీసేసిన సంగతి."

"రాయి, రాసుకో. అయితే జనం చదివేది వినడం అయిపోయాక, బస్సు కోసం నిలబడి. ఆదివారం ఆ పేజీ ఉండాలంటే కాగితం చాలదు." మళ్ళీ కోపం ఎక్కింది, కానీ ఈసారి దానికో దారి దొరికినట్టుంది. "వాయించేది ఆ సెయింట్ బోనిఫేస్ పేట అమ్మాయి, మిరే. మంచి చేతులు. ట్యాబ్ చూసి వాయిస్తుంది. కాలితో మీట నొక్కితే పేజీ మారుతుంది. తిప్పేవాళ్ళు అక్కర్లేదు, ముందు వరసలో అతిథిగా కూర్చోమని సంఘం వాళ్ళు నాకు పూలబొమ్మ కార్డు పంపారు. అతిథి! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆ పిల్ల తప్పేం లేదు. ఎదురుగా పెట్టిందే వాయిస్తుంది. కానీ ఆమె ఎదురుగా పెట్టింది ఈ నీలం దరిద్రం."

"మీరే వచ్చి చెప్పొచ్చుగా. కారుంది, తీసుకెళ్తాను."

"నేనొస్తే కుర్చీ పోయిందని ఏడవడానికొచ్చింది ముసల్ది అనుకుంటారు. నన్ను చూసి జాలిపడి ఒప్పుకుంటుంది, ఆదివారం మర్చిపోతుంది. నాకు జాలి వద్దు."

లోపలి గదిలోకి వెళ్ళి తోరా చేతిరాత కాగితాల పాత జిరాక్సు కట్ట తెచ్చింది. టేపు పసుపెక్కి గలగలమంటోంది. తెరిచి పదమూడూ, తెల్ల కాగితమూ, పద్నాలుగూ ఉన్నాయో లేవో ఒకసారి చూసి, కట్టేసి, రొట్టెల సంచిలో పెట్టి అతని ఒళ్ళో ఉంచింది. పొద్దున ఉడికించిన పిరహెల గిన్నె కూడా మూతపెట్టి పైన పెట్టింది, ఆ పిల్ల పొద్దుట్నుంచీ తిని ఉండదని.

"ఆరు దాకా హాల్లో ప్రాక్టీసు చేస్తుంది, ఇప్పుడు నాలుగున్నర," అంది, అతని కోటు తనే అందిస్తూ. "కుర్చీ అడగకు, నా పేరెత్తకు, టొరంటో వాళ్ళను తిట్టకు, అది నా పని. ఆ ట్యాబ్‌లో పదమూడుకూ పద్నాలుగుకూ మధ్య ఒక ఖాళీ పేజీ పెట్టమని అడుగు. వాళ్ళకది క్షణం పనట. ఎవరి కాలు తిప్పినా నాకొకటే. పెట్టేదాకా అక్కణ్ణుంచి కదలకు. పెట్టాక ఆ దెబ్బ ఒక్కసారి వేయమను. నువ్వు చివరి వరసకు పోయి నిలబడు, తను పియానో దగ్గరే ఉంటుంది. వినపడటం ఆగగానే ఇద్దరూ చెయ్యెత్తండి. ఎవరి చెయ్యి ఆఖర్న లేస్తే శబ్దం అప్పటిదాకా ఉన్నట్టు, అప్పుడే తిప్పమను."